ఒక సిలిండరు, మూడు పొయ్యిలు

కడప నుంచి కర్నూలు పోయే రోడ్డులో మైదుకూరు దాటి చాగలమర్రి వైపు వెళ్తుంటే, తెల్లవారేసరికి రోడ్డు పక్కన టిఫిను బండ్లు వరుసగా కనిపిస్తాయి. పాత వ్యాను వెనక తలుపులు తీసి, లోపలే వంటగది అమర్చుకున్న బండ్లు. ఒక పొయ్యి మీద కారం దోసె పెనం, దాని పక్కన బజ్జీల బాణలి, చిట్టచివర టీ గిన్నె. కింద ఒక మూల ఒకే ఒక్క నీలం రంగు సిలిండరు.

ఒకసారి మేం ఎక్కిన బస్సు చెడిపోయి, అలాంటి బండి దగ్గర రెండు గంటలు నిలబడవలసి వచ్చింది. ఊరికే నిలబడితే పొద్దు పోదు కదా, పొయ్యిలను చూస్తూ కూర్చున్నాను. మొదట టీ గిన్నె కింద ఒక్క పొయ్యే వెలిగించారు. మంట నీలంగా, బుస్సుమంటూ వచ్చింది. బజ్జీల పొయ్యి వెలిగించగానే టీ మంట కొంచెం తగ్గింది. దోసె పెనం కింద కూడా వెలిగించేసరికి టీ గిన్నె కింద మంట దీపం వత్తిలాగా అయిపోయింది.

"గ్యాసు అయిపోయినట్టుండాది అన్నా" అన్నాడు మా బస్సు క్లీనరు.

"యాడప్పా, నిన్న మాపటికి గదా తెచ్చింది. నిండుగా ఉండాది" అన్నాడు బండి ఆయన. ఆ మాట నిజమే. ఎందుకంటే బజ్జీల వాయి అయిపోయి ఆ పొయ్యి ఆర్పగానే టీ మంట మళ్ళీ లేచింది.

సిలిండరు నిండుగా ఉంది. పొయ్యి బాగానే ఉంది. మరి గ్యాసు చివరి పొయ్యికి ఎందుకు అందలేదు?

కర్నూలు, కడప జిల్లాల పిల్లలకు దీని జవాబు సగం ముందే తెలుసు. ఆ సగం ఏమిటో తరువాత చెబుతాను. ముందు సిలిండరు లోపలికి తొంగిచూద్దాం.

సిలిండరులో ఉన్నది గ్యాసు కాదు

కనీసం, ఎక్కువ భాగం గ్యాసు కాదు. సిలిండరును మెల్లగా కదిపితే లోపల నీళ్ళలాంటిది ఊగినట్టు తెలుస్తుంది. ప్రొపేను, బ్యుటేను అనే రెండు వాయువులను ఒత్తిడితో అణచి ద్రవంగా మార్చి నింపుతారు. అందుకే దాన్ని ద్రవీకృత పెట్రోలియం వాయువు అంటారు, పొట్టిగా ఎల్.పి.జి. మన దేశంలో ఇళ్ళకు ఇది మొదట 1955లో బొంబాయిలో వచ్చింది.

ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 250 లీటర్ల వాయువు అవుతుంది. ఒక మనిషి ఎత్తగలిగే డబ్బాలో నెలకు సరిపడే వంట ఇమిడేది అందుకే. ఇంట్లో వాడే సిలిండరులో 14.2 కిలోలు నింపుతారు. ఆ సిలిండరులో పట్టే నీరు 33.3 లీటర్లు. 14.2 కిలోల ద్రవం మాత్రం 26, 27 లీటర్ల చోటే ఆక్రమిస్తుంది. మిగిలిన ఆరేడు లీటర్లు కావాలనే ఖాళీగా ఉంచుతారు. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది. చోటు లేకపోతే ఉక్కును కూడా చీల్చగలదు.

ఆ ఖాళీలో ద్రవం నుంచి లేచిన ఆవిరి నిండి ఉంటుంది. మనం వాడుకునేది ఈ ఆవిరినే. పొయ్యి వెలిగించి ఆవిరి వాడేకొద్దీ కింద ద్రవం మళ్ళీ ఉడికి ఆ లోటు పూరిస్తుంది. మంట లేకుండా ఉడకడమేమిటి అంటారా? ప్రొపేను మరిగే ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 42 డిగ్రీలు, బ్యుటేనుది సున్నాకు కొంచెం దిగువ. వీటికి మన డిసెంబరు చలి కూడా ఎండాకాలమే! మరగడానికి కావలసిన వేడిని సిలిండరు గోడల నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటాయి. అందుకే పెద్ద పొయ్యిలు చాలాసేపు వెలిగితే సిలిండరు అడుగు భాగం చల్లబడి, పైన చెమట పట్టినట్టు నీటి బిందువులు కనిపిస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. బండిలో చోటు లేదని కొందరు సిలిండరును పడుకోబెడతారు. అప్పుడు మూతి దగ్గరకు ఆవిరికి బదులు ద్రవమే వస్తుంది. ఆ ద్రవం గొట్టంలోకి దిగి 250 రెట్లు ఉబ్బితే పొయ్యి దగ్గర మంట మనిషి ఎత్తు లేస్తుంది. బండి ఆగినా, కదిలినా సిలిండరు నిలువుగానే ఉండాలి, పట్టీతో కట్టి ఉండాలి.

లోపలి ఒత్తిడి బయటి ఎండను బట్టి మారుతుంది. కర్నూలులో డిసెంబరు తెల్లవారుజామున ఉన్న ఒత్తిడికీ, మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలలో ఉన్న ఒత్తిడికీ రెట్టింపు కన్నా ఎక్కువ తేడా రావచ్చు. తలుపులు మూసి ఎండలో నిలిపిన వ్యాను లోపల సంగతి ఇంక చెప్పనక్కరలేదు.

మీ ఊపిరంత ఒత్తిడి

మామూలు రోజున సిలిండరు లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు ఐదారు కిలోలు ఉంటుంది. దీన్ని నీటి ఎత్తుగా చెప్పుకుంటే 50, 60 మీటర్లు. అంటే ఇరవై అంతస్తుల మేడ మీద నీళ్ళ ట్యాంకు పెట్టి, నేల మీద కుళాయి తిప్పితే ఉండే ఒత్తిడి. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర భూమిలో దాదాపు 200 మీటర్ల లోతున రాతి గుహ తొలిచి, 2007 నుంచి అందులో 60,000 టన్నుల ఎల్.పి.జి. నిల్వ చేస్తున్నారు. ఆ గుహకు ఉక్కు గోడ లేదు. చుట్టూ రాతిలో ఊరిన నీటి ఒత్తిడే గ్యాసును బయటికి పోనీయదు. అంత లోతు ఎందుకు తవ్వారో ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

మరి పొయ్యికి కావలసిన ఒత్తిడి ఎంత? కేవలం 30 సెంటీమీటర్ల నీటి ఎత్తు. మీ స్కేలు పొడవంత!

నమ్మకం కలగకపోతే ఈ పని చేయండి. మీటరున్నర పొడవు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం తీసుకుని, 'యు' ఆకారంలో వంచి, ఒక పలకకు దారంతో కట్టండి. సగం వరకు రంగు నీళ్ళు పోయండి. ఒక కొనను నోట పెట్టుకుని మెల్లగా ఊదండి. ఒక వైపు నీరు దిగి, రెండో వైపు పెరుగుతుంది. రెండు మట్టాల మధ్య తేడాను స్కేలుతో కొలవండి. కొంచెం గట్టిగా ఊదితే 30 సెంటీమీటర్లు తేలికగా దాటుతుంది. ఇంట్లో పొయ్యిని వెలిగించే ఒత్తిడి ఇంతే. (ఈ గొట్టాన్ని మీ ఊపిరితోనే వాడండి. గ్యాసుకు తగిలించే పని మెకానిక్కుది.)

50 మీటర్లను 30 సెంటీమీటర్లకు దించే పని రెగ్యులేటరుది. దాని పొట్టలో ఒక రబ్బరు పొర, దాని మీద ఒక స్ప్రింగు, పొరకు తగిలించిన చిన్న మీట ఉంటాయి. పొయ్యి వైపు ఒత్తిడి పెరిగితే పొర పైకి ఉబ్బుతుంది, మీట కదిలి గ్యాసు వచ్చే రంధ్రాన్ని మూస్తుంది. ఒత్తిడి తగ్గితే స్ప్రింగు పొరను కిందికి నొక్కుతుంది, రంధ్రం తెరుచుకుంటుంది. రాత్రింబవళ్ళు తూము దగ్గర కూర్చుని షట్టరు ఎత్తుతూ దించుతూ ఉండే లస్కరు లాంటిదన్నమాట. బయట ఎండ ఎంత మండినా, సిలిండరులో ఒత్తిడి ఎంత పెరిగినా పొయ్యికి తేడా తెలియదు.

అయితే ఈ లస్కరు శక్తికీ హద్దుంది. ఇళ్ళలో వాడే రెగ్యులేటరు గంటకు సుమారు అర కిలో గ్యాసు పంపగలదు. ఇంట్లో పెద్ద పొయ్యి గంటకు 150 గ్రాములు తింటుంది కాబట్టి మూడు పొయ్యిలున్నా సరిపోతుంది. హోటలు పొయ్యిలు అంతకు రెండు మూడు రెట్లు తింటాయి. నీళ్ళు వేడిచేసే గ్యాసు గీజరు ఒక్కటే ఇంటి రెగ్యులేటరు శక్తిని మించిపోతుంది.

కాలువ చివరి రైతు

ఇప్పుడు ఆ సగం జవాబు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర బయలుదేరే కర్నూలు–కడప కాలువను మీరు చూసే ఉంటారు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది, 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. కాలువ మొదట్లో ఉన్న రైతులు తూములు ఎత్తితే, చివరి ఆయకట్టు రైతు పొలంలో నీరు సన్నగిల్లుతుంది. సుంకేసులలో నీళ్ళున్నాయి, అయినా చివరికి అందవు. మన టీ పొయ్యి ఆ చివరి రైతు.

కాలువలో నీరు కట్టలకు రాసుకుని వేగం కోల్పోయినట్టే, గొట్టంలో గ్యాసు గోడలకు రాసుకుని ఒత్తిడి కోల్పోతుంది. గొట్టం పొడవు రెట్టింపయితే నష్టం రెట్టింపు. కాని గొట్టం లోపలి వ్యాసం సగమైతే నష్టం రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లు కాదు, కనీసం 16 రెట్లు! సన్న గొట్టం ఇంత పాపం చేస్తుందని చాలామంది పెద్దలకు కూడా తెలియదు. పైగా ఎక్కువ పొయ్యిలు వెలిగితే గ్యాసు ఎక్కువ పారాలి, పారేకొద్దీ నష్టమూ పెరుగుతుంది.

ఆ బండిలో ఏం చేశారో వంగి చూశాను. రెగ్యులేటరు నుంచి ఒక సన్నటి రబ్బరు గొట్టం. అది దోసె పొయ్యి దగ్గర 'టి' ఆకారపు బిరడాతో చీలింది. అక్కడి నుంచి మరో ముక్క బజ్జీల పొయ్యికి, అక్కడ మళ్ళీ చీలి ఇంకో ముక్క టీ పొయ్యికి. మూడు పొయ్యిల గ్యాసూ మొదటి సన్న ముక్కలోంచే దూరాలి. కాలువ తవ్వేవాడు మొదట్లో వెడల్పుగా, పోనుపోను సన్నగా తవ్వుతాడు. ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా పిల్ల కాలువే!

ఇక మంట సంగతి. పొయ్యి లోపల జెట్ అనే సూది బెజ్జం నుంచి గ్యాసు చిమ్ముతుంది, ఆ వేగంతో పక్కనున్న గాలిని తనతో లాక్కుపోతుంది. బెజ్జంలోంచి వచ్చే గ్యాసు ఒత్తిడికి వర్గమూలంగా మారుతుంది. ఒత్తిడి 28 సెంటీమీటర్ల నుంచి 7కు పడిపోతే, అంటే నాలుగో వంతయితే, మంట సగమవుతుంది.

తప్పు రెగ్యులేటరుదా, గొట్టానిదా? తెలుసుకోవడం కష్టం కాదు. మెకానిక్కు దగ్గర మనం చేసిన 'యు' గొట్టం లాంటిదే ఉంటుంది. మూడు పొయ్యిలూ వెలిగించి, రెగ్యులేటరు పక్కన ఒకసారి, చివరి పొయ్యి దగ్గర ఒకసారి కొలుస్తాడు. రెండు చోట్లా ఒత్తిడి పడిపోయి ఉంటే రెగ్యులేటరు శక్తి చాలడం లేదు. మొదట బాగుండి చివర పడిపోయి ఉంటే దారిలో గొట్టం తినేస్తోంది.

పల్లెలో గోబర్ గ్యాసు ఉన్నవాళ్ళు ఇంకో చిక్కు చెబుతారు. గోబర్ గ్యాసు తడితో వస్తుంది, ఒత్తిడి ఇంకా తక్కువ. గొట్టం ఎక్కడైనా పల్లంగా వంగితే అక్కడ నీరు చేరి దారి మూసేస్తుంది. అందుకే ఆ గొట్టాన్ని వాలుగా వేసి, పల్లంలో నీరు తీసే బిరడా పెడతారు. గోబర్ గ్యాసు పొయ్యి జెట్ బెజ్జం కూడా పెద్దది. దాన్ని ఎల్.పి.జి.కి తగిలిస్తే భగ్గుమంటుంది.

ఆరిన మంట

టీ ఆలస్యం కావడమే అయితే ఇంత చెప్పవలసిన పని లేదు.

దీపం వత్తిలా మిగిలిన ఆ చివరి మంటను ఒక లారీ దాటిపోయిన గాలి ఆర్పేయగలదు. గిన్నె కింద ఉన్న మంట, ఎవరూ గమనించరు. కొంతసేపటికి బజ్జీల వాయి అయిపోతుంది, ఆ పొయ్యి ఆర్పుతారు. దోసెలూ ఆగుతాయి. అప్పుడు ఏమవుతుంది? టీ పొయ్యి దగ్గర ఒత్తిడి పూర్తిగా లేస్తుంది. మంట లేని పొయ్యిలోంచి గ్యాసు ధారగా బయటికి వస్తూ ఉంటుంది.

ఎల్.పి.జి. గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. పైకి లేచి కిటికీలోంచి పోదు. నీళ్ళలాగా కిందికి జారి, నేల మీద పరుచుకుని, గుంటలు వెతుక్కుంటుంది. దానికి సహజంగా వాసన లేదు. మనల్ని హెచ్చరించడానికే మెర్కాప్టాన్ అనే కంపు పదార్థం కలుపుతారు. కాని ఆ కంపు కూడా మొదట చేరేది మీ ముక్కుకు కాదు, మీ పాదాలకు!

లెక్క వేద్దాం. వ్యాను లోపల 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు అనుకోండి. మొత్తం 20 ఘనపు మీటర్లు. గాలిలో ఎల్.పి.జి. నూటికి రెండు పాళ్ళు ఉంటే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. 20లో నూటికి రెండు పాళ్ళంటే 0.4 ఘనపు మీటరు. ఒక కిలో ఎల్.పి.జి. ఆవిరైతే అంతకు కొంచెం ఎక్కువే వస్తుంది. అంటే 19 కిలోల సిలిండరులో ఒక్క కిలో కారినా బండి అంతా బాంబు కావచ్చు. నేల దగ్గరే చేరుతుంది కాబట్టి నిజానికి అంత కూడా అక్కరలేదు.

2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషను దగ్గర ఆగి ఉన్న ఒక యాత్రికుల రైలు బోగీలో మంటలు లేచాయి. లక్నో నుంచి బయలుదేరి దక్షిణాది క్షేత్రాలు తిరుగుతున్నవాళ్ళు అందులో ఉన్నారు. నిబంధనలకు విరుద్ధంగా వెంట తెచ్చుకున్న గ్యాసు సిలిండరే కారణమని రైల్వే వారు ప్రకటించారు. తొమ్మిది మంది చనిపోయారు. రైల్వే చట్టం ప్రకారం ఇలాంటి ప్రమాదకర వస్తువులు తీసుకువెళ్ళడానికి మూడేళ్ళ వరకు జైలు శిక్ష ఉంది. అహోబిలం, శ్రీశైలం, మహానంది యాత్రలకు బస్సు మాట్లాడుకుని, వంట సామాన్లతో సిలిండరు కూడా సీట్ల కింద తోసుకువెళ్ళేవాళ్ళను నేను చాలాసార్లు చూశాను. రైలు కాదు కాబట్టి ఫరవాలేదని వాళ్ళ ధైర్యం. గ్యాసుకు ఆ తేడా తెలియదు.

ఇల్లు లాంటి బండ్లు

బండిలో గ్యాసు పెట్టుకోకూడదనా? అలా కాదు. అమెరికాలో, యూరపులో ఇల్లు లాంటి బండ్లలో నెలల తరబడి తిరిగేవాళ్ళు లక్షల మంది ఉన్నారు. కారవాన్లంటారు. కేరళ ప్రభుత్వం 2021లో పర్యాటకుల కోసం ఇలాంటి బండ్లను ప్రోత్సహించే విధానం ప్రకటించింది. వాటిలో వంట పొయ్యి, నీళ్ళ హీటరు, చలికి గది వెచ్చచేసే హీటరు, చివరికి ఫ్రిజ్ కూడా ఒకే గ్యాసుతో నడిచేలా అమర్చవచ్చు.

ఆ బండ్లలో సిలిండరుకు విడిగా ఒక అర ఉంటుంది. దాని తలుపు బండి బయటి వైపు. అరకూ, మనుషులుండే చోటుకూ మధ్య గాలి కూడా దూరని గోడ. అర అడుగున చిల్లు ఉంటుంది, కారిన గ్యాసు రోడ్డు మీదికి జారిపోవడానికి. వంటగది నేలలోనూ అలాంటి చిల్లులే. ఎలుకలు దూరతాయని వాటిని గుడ్డలతో మూసేవాళ్ళుంటారు. జల్లెడ బిగించాలి గాని మూయకూడదు.

రెగ్యులేటరు నుంచి లావుపాటి రాగి లేక ఉక్కు గొట్టం బండి పొడవునా పోతుంది. దాని నుంచి ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క పిల్ల గొట్టం, ప్రతి దానికి విడిగా ఒక కుళాయి. గతుకుల రోడ్డులో గొట్టం ఊగి అతుకులు వదలకుండా అడుగడుక్కీ పట్టీలు. రబ్బరు గొట్టం చాలా తక్కువ, చివర్లో మాత్రమే. అన్నిటికీ అందే ఒత్తిడి ఎంత అంటారా? అమెరికా బండ్లలో 11 అంగుళాల నీటి ఎత్తు, యూరపులో చాలా చోట్ల 30 మిల్లీబార్లు. లెక్క కట్టి చూడండి, రెండూ మన 30 సెంటీమీటర్ల దగ్గరకే వస్తాయి.

ఆరిన మంటకు వాళ్ళు కనుక్కున్న మందు నాకు చాలా ఇష్టం. రెండు వేర్వేరు లోహాల తీగలను కొన దగ్గర అతికి, ఆ కొనను మంటలో ఉంచుతారు. అతుకు వేడెక్కితే తీగల్లో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. టార్చి బల్బు కూడా వెలగనంత కొద్ది. ఆ కొంచెమే ఒక చిన్న అయస్కాంతాన్ని పనిచేయించి, గ్యాసు తలుపును తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరిందా, అతుకు చల్లబడుతుంది, విద్యుత్తు ఆగుతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, స్ప్రింగు తలుపు మూసేస్తుంది. ఒక నిమిషం లోపే. బ్యాటరీ లేదు, మనిషి లేడు.

గ్యాసుతో ఫ్రిజ్ ఏమిటని అడిగారు కదూ? 1922లో స్వీడన్‌లో ఫాన్ ప్లాటెన్, మున్టర్స్ అనే ఇద్దరు విద్యార్థులు దీన్ని కనిపెట్టారు. చిన్న మంట నీటిలో కరిగిన అమ్మోనియాను ఆవిరిగా తరుముతుంది. అది చల్లబడి ద్రవమై, అర లోపల గొట్టంలో మళ్ళీ ఆవిరవుతూ అక్కడి వేడిని లాక్కుంటుంది, తిరిగి నీటిలో కరిగిపోతుంది. తడిగుడ్డ చుట్టిన కుండలో నీళ్ళు చల్లబడినట్టే, ఆవిరవడమే చల్లదనానికి మూలం. లోపల ద్రవాలు తమంతట తామే జారాలి కాబట్టి బండిని సమంగా ఉన్న నేల మీద నిలపాలి. వాలులో నిలిపితే ఫ్రిజ్ అలుగుతుంది.

ఇంకొక్క మాట గాలి గురించి. ఒక ఘనపు మీటరు ఎల్.పి.జి. పూర్తిగా మండడానికి పాతిక నుంచి ముప్ఫై ఘనపు మీటర్ల గాలి కావాలి. చలికని, దుమ్మని తలుపులు బిగించుకుని వండితే గాలి చాలక మంట పచ్చబడుతుంది, గిన్నెలకు మసి పడుతుంది. అప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఆ రోజు బస్సు బాగయ్యేలోగా ఈ గొడవంతా బండి ఆయనకు కాలువ లెక్కలో చెప్పాను. ఆయన పొలం కాలువ చివర్లోనే అట, చప్పున అందుకున్నాడు. మూడు నెలల తరువాత అదే దారిలో వెళ్తూ పనిగట్టుకుని దిగాను. నేల పక్కన లావుపాటి రాగి గొట్టం, దాని మీద మూడు ఇత్తడి కుళాయిలు, సిలిండరు వ్యాను బయట ఇనుప జాలీ పెట్టెలో నిలువుగా. మూడు పొయ్యిలూ మండుతున్నాయి.

"గొట్టానికి, రెగ్యులేటరుకు ఒక వారం సంపాదన పాయ సార్" అన్నాడు టీ గ్లాసు అందిస్తూ. "కానీ టీ, దోసె ఇప్పుడు ఒకేసారి అయితాండాయి."